ఎవురు పంపినారప్పా?

సుంకప్ప సారుకు ఉన్న అలవాటు ఒక్కటే. ఎదుటికి ఏది వచ్చినా, మనిషి కానీ, మాట కానీ, కుక్క కానీ, జ్వరం కానీ, ముందు “ఎవురు పంపినారు?” అని అడుగుతాడు. జవాబు దొరికేదాకా వచ్చినదాన్ని ముందుకు కదలనివ్వడు, వెనక్కీ పోనివ్వడు.

గుత్తి కోట కింది బజారులో ఈ సంగతి తెలియనివాళ్ళు తక్కువ. కొరియరు తెచ్చినవాళ్ళని చెయ్యి చాపేముందే అడుగుతాడు. పెళ్ళిపత్రిక తెచ్చినవాళ్ళు మేము పెళ్ళికూతురి మేనమామలం, మేమే వచ్చాం అని చెప్పుకుంటే, మీరు వచ్చారు సరే, పత్రిక మీద నా పేరు రాయమన్నది ఎవరని ఇంకో మెట్టు ఎక్కుతాడు. ఒకసారి రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఆయన వచ్చి టికెట్ చూపించమంటే ఆయన్నీ అడిగాడట. ఆ పెద్దమనిషి నవ్వకుండా రైల్వేవాళ్ళు పంపారని చెప్పాడట. సుంకప్ప సారు తృప్తిగా తలూపి టికెట్ తీసి ఇచ్చాడట.

ఆకాశాన్నీ వదలడు. అనంతపురం జిల్లాలో మబ్బు కనిపిస్తే ఎవరైనా ముందు సంతోషపడతారు. ఈయన మాత్రం మెడ ఎత్తి విచారణ మొదలుపెడతాడు. తూర్పు సముద్రం పంపిన మబ్బైతే మేడ మీద ఆరేసిన బట్టలు తెమ్మంటాడు. పడమటి సముద్రం పంపిందైతే అది కనుమల్లోనే ఉన్నదంతా ఖర్చుపెట్టేసి, ఇక్కడికి ఊరికే చూసిపోవడానికి వచ్చిందని, బట్టలు ఆరనిమ్మంటాడు. నిజం చెప్పాలంటే ఈ విషయంలో రేడియో కన్నా ఆయనే ఎక్కువసార్లు గెలిచాడు.

ఇంట్లో భార్య రామసుబ్బమ్మ ఈ ప్రశ్నకు అలవాటుపడిపోయింది. ఒకరోజు కాఫీలో చక్కెర లేదు. ఈ కాఫీ ఎవరు పంపారన్నాడు. నేనే అంది. చక్కెర మానమని నిన్ను ఎవరు పంపారన్నాడు. డాక్టరు అంది. ఆమెను ఒక్క మాట అనలేదు. చెప్పులేసుకుని తిన్నగా డాక్టరు దగ్గరికి పోయాడు. రక్తం పరీక్ష కాగితం పంపిందని డాక్టరు చెబితే పరీక్ష చేసే ఆయన దగ్గరికి పోయాడు. అక్కడ ఆయన, ఆ రక్తం మీదే కదా సార్ అన్నాడు. సుంకప్ప సారు కాసేపు ఆలోచించి, ఇంటికొచ్చి, చక్కెర లేని కాఫీ తాగాడు.

ఉమాదేవి ఉద్యోగంలో చేరిన రోజు ఆమెకు మొదట ఎదురైంది కూడా ఈ ప్రశ్నే.

మల్లికార్జునయ్య అంగడి గుత్తి బజారులో కింద ఒకటి, పైన ఒకటి. కింద బోరు మోటార్లు, పైపులు, వైర్లు. పైన కంప్యూటరు ప్రోగ్రాములు. ఆయనకు తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే యూనిట్ కూడా ఉంది. అక్కడ విరిగిపోయిన ముక్కలన్నీ పై అంతస్తు నేలకు చేరాయి కాబట్టి అక్కడ ఏ రెండు బండలూ ఒకే రంగులో ఉండవు. మెట్లు ఎక్కగానే మలుపులో ఒక బల్ల. ఆ బల్ల వెనక, పైన ప్రోగ్రాముల పని చూసే సుంకప్ప సారు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆయన మోకాళ్ళు తగలకుండా పోలేరు. లోపల కిటికీ దగ్గర గాలి తగిలే చోటు ఖాళీగా ఉన్నా ఆయన అక్కడే కూర్చునేవాడు.

“ఎవురు పంపినారు పాపా?”

ఉద్యోగానికి వచ్చానని ఉమాదేవి చెప్పింది. ఉద్యోగం ఉందని చెప్పిందెవరన్నాడు. కాలేజీలో మేడం అంది. ఆ మేడంకు ఎవరు చెప్పారన్నాడు. ఆమెకు తెలియలేదు. అక్కడే నిలబెట్టి ఫోన్ చేయించాడు. మేడంకు వాళ్ళ మరిది, మరిదికి మోటారు రిపేరు చేసే ఆయన, ఆయనకు మల్లికార్జునయ్య చెప్పాడని తేలాక పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఉద్యోగం కన్నా ఈ ఇంటర్వ్యూ కష్టంగా ఉందని ఆమె ఆ సాయంత్రం పామిడి బస్సులో అనుకుంది.

మల్లికార్జునయ్యను అందరూ సావుకారు అంటారు. పైన తయారయ్యేది ఆయన అమ్మే ఫోన్ స్టార్టరు. పొలంలో మోటారు పక్కన బిగించే ఇనుప డబ్బా. అందులో ఒక సిమ్ము ఉంటుంది. రైతు ఇంట్లోంచి ఆ సిమ్ము నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మోటారు నడుస్తుంది, నడుస్తున్నప్పుడు ఇంకొకటి ఇస్తే ఆగుతుంది. కరెంటు తగ్గినా, హెచ్చినా, బోరులో నీళ్ళు అయిపోయినా దానంతట అదే ఆగుతుంది, కరెంటు సర్దుకుంటే మళ్ళీ నడుస్తుంది. ఇలా ఎన్ని కారణాలున్నా చివరికి మోటారును ఆపే పని ఒకే ఫంక్షన్‌ది. ఫంక్షన్ అంటే ప్రోగ్రాములో ఒక్కో పనికి విడిగా రాసుకునే ముక్క. కరెంటు చూసే ఫంక్షను, నీళ్ళు చూసే ఫంక్షను, ఫోను చూసే ఫంక్షను, అందరూ వచ్చి దాన్నే పిలుస్తారు. ఆ ఆపే ఫంక్షన్ రాసింది ఉమాదేవి.

ఆమెకు ఈ పని ఇష్టం. అంతకుముందు బెంగళూరులో ఏడాది ఒక కంపెనీలో చేసింది. తను రాసేది ఎవరికి పోతుందో, దానితో ఎవరేం చేస్తారో అక్కడ ఎవరూ చెప్పలేదు. చెప్పేలోపు కంపెనీ మూసేశారు. ఇక్కడ తను రాసిన అక్షరాల వల్ల ఎక్కడో ఒక పైపులో నీళ్ళు పడతాయి. బస్సులో వస్తూ కిటికీలోంచి చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, నీళ్ళు పారుతుంటే అది తమ డబ్బానే అయ్యుంటుందని చూసేది. ఉగాది దాకా పని చూసి అప్పుడు ఖాయం చేస్తానని సావుకారు ముందే చెప్పాడు. ఉగాది ఇంకో నెల ఉందనగా ఓబులేష్ వచ్చాడు.

పెన్న అవతలి పల్లెలో ఓబులేష్‌కు చీనీ చెట్లున్నాయి. అతని మోటారు పట్టపగలు దానంతట అది ఆగిపోతోంది. పక్క పొలంలో మోటారు నడుస్తూనే ఉంటుంది కాబట్టి కరెంటు పోయిందనడానికి లేదు. బోరులో నీళ్ళున్నాయి. త్రీఫేజు కరెంటు ఇచ్చేదే పగటిపూట కొన్ని గంటలు. ఆ గంటల్లో మోటారు నిద్రపోతే చెట్లకు తడి చాలక పిందె రాలిపోతోంది. ఓబులేష్ నాలుగుసార్లు అంగడికి తిరిగి, ఐదోసారి తిరగకుండా ఆగిన మోటారును, రాలిన పిందెను వీడియో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. డబ్బాలు కావాలన్న మూడు పల్లెలవాళ్ళు కొన్నాళ్ళు ఆగి చూస్తామన్నారు.

సావుకారుకు ప్రోగ్రాములు తెలియవు కానీ తర్కం తెలుసు. కింద అంగట్లో కూర్చుని అది అందరికీ వినిపించేలా చెప్పాడు.

“ఆపేది రాసినదెవురు? ఆ పాప. ఆపుతాండేది ఏది? ఆ పాప రాసినదే. ఇంగేముండాది దీంట్లో?”

ఉమాదేవి ఆ పల్లెకు ఒకసారి పోయి చూసింది. బస్సు దొరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె ఉన్నంతసేపూ మోటారు బుద్ధిగా నడిచింది. తిరిగొచ్చి అలాంటి డబ్బానే తన బల్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, డీబగ్గర్‌లో నడిపింది. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూపించేది డీబగ్గర్. ఎక్కడ ఆపాలో చెప్పే గుర్తు బ్రేక్‌పాయింట్. ఆమె ఆ గుర్తును తన ఆపే ఫంక్షన్ గుమ్మంలో పెట్టింది.

అది ఆగింది. చూస్తే కరెంటు తగ్గింది కాబట్టి ఆగింది. కొనసాగించు అని నొక్కింది. మళ్ళీ ఆగింది. ఈసారి కరెంటు హెచ్చింది. గుత్తిలో ఎండాకాలపు కరెంటు ఒక చోట నిలబడేది కాదు. నొక్కడం, ఆగడం, నొక్కడం, ఆగడం. తనకు కావలసిన ఆ ఒక్క దొంగ పిలుపు ఈ గుంపులో ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయినా కనిపించదు. సాయంత్రానికి వేలు నొప్పెట్టింది.

అదొక బాధ అయితే, సుంకప్ప సారు ఇంకో బాధ.

ఆ రోజుల్లో కింద పనిచేసే నరసింహులు తరచుగా మెట్లెక్కి వచ్చేవాడు. మలుపులో సుంకప్ప సారు మామూలుగా ఎవురు పంపినారని అడిగేవాడు. నరసింహులు ఏదో గొణిగేవాడు. సారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని, ఉమాదేవి కూర్చున్న వైపు ఒకసారి చూసి, కిందికి దిగిపోయేవాడు. కాసేపటికి కిందినుంచి సావుకారు గొంతు గట్టిగా లేచేది. మధ్యలో సారు గొంతు మెల్లగా వినిపించేది. ఒకసారి “ఆ పాప” అన్న మాట కూడా స్పష్టంగా వినిపించింది. తర్వాత సారు పైకొచ్చి, మజ్జిగ తెప్పించుకుని, ఆ మజ్జిగ ఎవరు పంపారో కనుక్కుని తాగేవాడు.

ఉమాదేవికి అర్థమైపోయింది. తన పని గురించి రోజూ కిందికి చేరవేస్తున్నది ఈయనే. చేరవేసినప్పుడల్లా సావుకారు కోపం పెరుగుతోంది. ఆమె పొద్దున్నే ఆయనకు నమస్కారం పెట్టడం మానేసింది. ఆయన గమనించినట్టు లేదు. నమస్కారం పెట్టినా ఎవరు పెట్టమన్నారని అడిగే మనిషి కాబట్టి పెద్ద తేడా ఉండదనుకుంది.

అలాంటి మనిషి ఒక సాయంత్రం కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె నొక్కడం, అది ఆగడం కొంతసేపు చూశాడు.

“ఎవురొచ్చినా ఆపుతాండావు. ఎందుకు?”

ఆపకపోతే ఎవరొచ్చారో ఎలా తెలుస్తుందని ఆమె కాస్త కటువుగానే అంది.

“నేను అందర్నీ అడుగుతా పాపా. అందర్నీ ఆపను.”

ఆ మాట ఆమెకు అప్పుడు సగమే అర్థమైంది. ఆయన కీబోర్డు తనవైపు తిప్పుకోలేదు. ఎలా రాయాలో చెప్పి ఆమె చేతే రాయించాడు. బ్రేక్‌పాయింట్ అదే గుమ్మంలో ఉంటుంది, కానీ దానికొక షరతు. నిన్ను పిలిచింది కరెంటు చూసే ఫంక్షన్ అయితే ఆగొద్దు, పోనీ. వేరెవరు పిలిచినా ఆగు. గుమ్మంలో కూర్చున్నవాడు వచ్చినవాడి ముఖం చూడడు, వాణ్ణి పంపిందెవరో చూస్తాడు. రాసి నడిపించింది. కరెంటు తగ్గింది, హెచ్చింది, డబ్బా తన పని తాను చేసుకుపోయింది. తెర కదలకుండా ప్రశాంతంగా ఉంది. చాలా రోజుల తర్వాత ఉమాదేవి వేలికి సెలవు దొరికింది.

బెంగళూరులో తాను పెద్ద కంపెనీలో చాలా ఏళ్ళు ఇదే పని చేశానని, పిల్లలందరూ తప్పు బయటపడ్డ ఫంక్షన్‌ను పట్టుకుని ఊపేస్తుంటే తాను దాని వెనక ఎవరున్నారని అడుగుతూ కూర్చునేవాణ్ణని అప్పుడు చెప్పాడు. ఆపే ఫంక్షన్ ఆపుతుంది, దాని ఉద్యోగమే అది, దాన్ని తిట్టి లాభం లేదన్నాడు. ఉమాదేవికి కొంచెం హాయి కలిగింది. ఇంత బాగా చెప్పే మనిషి కింద ఎందుకు అలా చేస్తున్నాడో అని బాధ కూడా కలిగింది.

ఇక అసలు డబ్బా ఉన్న చోటికే పోవాలి. మరునాడు అంగడి జీపులో ఇద్దరూ పొద్దున్నే బయల్దేరారు. దారిలో జీపు డ్రైవరు మారుతి, సార్ ఎటు పోదామన్నాడు. అడగమని నిన్ను ఎవరు పంపారని సారు అన్నాడు. మారుతి మళ్ళీ నోరు తెరవలేదు. పామిడి దగ్గర పెన్న దాటారు. నదిలో ఇసుక తెల్లగా మెరుస్తోంది. నీళ్ళుండాల్సిన చోట మేకలు మేస్తున్నాయి.

ఓబులేష్ పెద్ద ఉత్సాహం చూపించలేదు. ఇంతకుముందు వచ్చిన పాపే, ఈసారి ఒక ముసలాయనను తోడు తెచ్చుకుందనుకున్నాడు. ఆయన మొదటి ప్రశ్న విన్నాక ఉన్న కాస్త నమ్మకమూ పోయింది.

“మమ్మల్ని పిలిపించింది నువ్వు. నిన్ను వీడియో పెట్టమని పంపిందెవురప్పా?”

“నా చెట్లన్నా,” అన్నాడు ఓబులేష్. “చూడు, పిందె యాడికాడ రాలిపోయిండాది.”

సారు వంగి ఒక పిందె ఏరుకుని చేతిలో తిప్పాడు. ఇంకేం అడగలేదు.

స్టార్టరు డబ్బాకు ల్యాప్‌టాప్ తగిలించి చీనీ చెట్టు నీడలో కూర్చున్నారు. మోటారు నడుస్తోంది. నీళ్ళు పాదుల్లోకి పారుతున్నాయి. కరెంటు ఒకటి రెండుసార్లు కిందామీదా అయింది, మోటారు ఆగి మళ్ళీ నడిచింది, తెర మాత్రం కదల్లేదు. ఉమాదేవి కళ్ళార్పకుండా చూస్తోంది. ఉగాది వారంలోకి వచ్చింది. ఈరోజు దొరక్కపోతే సావుకారు ఇంకో రోజు జీపు ఇవ్వడు. ఓబులేష్ ఆమె వెనక నిలబడి, ఎప్పుడాగుతాదో చెప్పలేం పాపా, పొద్దెక్కినాక ఎప్పుడో ఒగప్పుడు అని నసుగుతున్నాడు.

ఎండ నడినెత్తికి రాకముందే తెర మీద పసుప్పచ్చ గీత వెలిగింది.

డబ్బా ఆగింది. మోటారు ఆగలేదు. మోటారును ఆపమనే మాట డబ్బా గొంతులో ఉండగానే డీబగ్గర్ పట్టుకుంది కాబట్టి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ఉమాదేవి పిలుపుల వరస చూసింది. పైన తన ఆపే ఫంక్షన్. దాన్ని పిలిచింది, నీళ్ళు చూసేది కాదు. ఫోను చూసేది.

ఎవరో ఫోన్ చేసి ఆపమన్నారు. ఓబులేష్ తన ఫోను జేబులోంచి తీసి, నేను కాదు అన్నట్టు పైకెత్తి చూపించాడు. ఆమె ఇంకా లోపలికి వెతికి, పిలిచిన నంబరు చదివింది.

“అది మాయమ్మ నంబరు పాపా,” అన్నాడు ఓబులేష్. “మాయమ్మకి మోటారు జోలి ఎందుకు?”

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండగా మోటారు మాత్రం నడుస్తూనే ఉంది. కొంతసేపటికి గట్టు మీద ఒక ముసలామె వస్తూ కనిపించింది. చేతిలో సంగటి కెలికే కట్టె ఉంది. పొయ్యి దగ్గర్నుంచి లేచింది లేచినట్టే వచ్చింది. ఓబులేష్ తల్లి తిప్పమ్మ.

“ఏంరా ఓబులేసూ, పిలిస్తే పలకవు? సంగటి ఆడ గట్టిపడిపోతాండాది.”

“నువ్వు యాడ పిలిచినావమ్మా?”

“రోజూ పిలిచినట్లే పిలిచినా. రెండు నొక్కి పట్టుకుంటే నీకే గదా పోయేది. రోజూ పిలిచిన గడియకే వచ్చి కంచం ముందర కూచుంటావు. ఈపొద్దు ఏమొచ్చె నీకు?”

సుంకప్ప సారు లేచి నిలబడ్డాడు. లేచాక అడక్కుండా ఉండలేకపోయాడు.

“అమ్మా, నిన్ను ఎవురు పంపినారు?”

తిప్పమ్మ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది.

“నన్ను ఎవురు పంపుతారప్పా? నేనే వచ్చినా.”

సుంకప్ప సారు రెండు చేతులూ జోడించాడు. ఇన్నేళ్ళ విచారణలో ఆయనకు ఇలాంటి జవాబు రాలేదు. ఎవరిని అడిగినా వెనక ఇంకొకరుండేవారు, వాళ్ళ వెనక ఇంకొకరు. ఎవరూ పంపకుండా వచ్చిన మనిషిని ఆయన మొదటిసారి చూశాడు.

తర్వాత తెలిసిందంతా నవ్వు ఆపుకుంటూ తెలుసుకోవలసివచ్చింది. డబ్బా బిగించినప్పుడు దానికొక సిమ్ము కావాలన్నారు. కొత్తది కొనడం ఎందుకని ఓబులేష్ తన పాత సిమ్మే డబ్బాలో పెట్టి, తాను రెండో సిమ్ము వాడుకున్నాడు. తల్లి ఫోనులో రెండో అంకె నొక్కితే పోయేది ఆ పాత నంబరుకే. ఆ మాట అతనికి గుర్తులేదు, ఆమెకు తెలియదు. బిగించినాయన ఇంట్లో ఉన్న నంబర్లన్నీ నమోదు చేశాడు కాబట్టి ఆమె పిలుపును డబ్బా గౌరవించింది. సంగటి దించగానే తిప్పమ్మ రెండు నొక్కి, ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేది. మోటారు ఆగిపోయేది. దానంతట అది ఆగితే గంట దాకా ముట్టుకోవద్దు, కాలిపోతుందని ఓబులేష్‌కు చెప్పి ఉన్నారు. ముట్టుకోకుండా ఆ గంట పొలంలో ఏం చేస్తాడు? కంపెనీని తిట్టుకుంటూ ఇంటికి పోయేవాడు. పోతే సంగటి తయారుగా ఉండేది. తిని నడుం వాల్చేవాడు. లేచేసరికి త్రీఫేజు అయిపోవస్తుండేది.

అంటే తిప్పమ్మ లెక్కలో ఈ ఏర్పాటులో ఏ లోపమూ లేదు. పిలిస్తే కొడుకు వస్తున్నాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. లోపం వచ్చింది ఈరోజే.

ఆపిన ప్రతిసారీ డబ్బా పిలిచినవాళ్ళకు మెసేజ్ పంపుతుంది కదా అని ఉమాదేవి ఆమె ఫోను తీసి చూసింది. మోటారు ఆగినది, మోటారు ఆగినది అని వరసగా ఉన్నాయి. ఇవేవీ చూడలేదా అవ్వా అని అడిగింది.

“సిమ్ము కంపెనీవాళ్ళు దినామూ ఏదో ఒగటి పంపుతాంటారు పాపా. నాకు చదువు రాదని వాళ్ళకి తెలీదు పాపం.”

సంగటి తిని పొమ్మంది తిప్పమ్మ. తిన్నారు. తింటున్నప్పుడు ఈ వంకాయ పులుసు ఎవరు పంపారని సారు అడగలేదు. అది చూసి మారుతి ఆశ్చర్యపోయాడు.

మరునాడు ఉమాదేవి ఎవరూ పిలవకుండానే కిందికి దిగింది. జరిగింది తన నోటితోనే సావుకారుకు చెప్పాలని రాత్రే నిర్ణయించుకుంది. ఆమెను చూడగానే మల్లికార్జునయ్య చేతిలో ఉన్న పైపు ముక్క పక్కన పెట్టాడు.

“వచ్చినావా తల్లీ? ఇన్నాళ్ళకి దిగబుద్ధి అయిందా?”

ఆమెకు అర్థం కాలేదు. ఆయన చెప్పుకుపోయాడు. ఎన్నిసార్లు పిలిపించాడో ఆయనకే లెక్కలేదట. లెక్క చూసి ఇంటికి పంపేద్దామని ఒకసారి, కనీసం గట్టిగా నాలుగు మాటలు అందామని మిగిలినసార్లు. ఒక్కసారైనా దిగిందా? ఆమెను పిలిస్తే సుంకప్ప వచ్చేవాడు.

“ఆ పాప పనిలో ఉండాది, ఏమన్నా ఉంటే నన్ను తిట్టు అంటాడు. ఎంతసేపని తిట్టేది? తిట్టి తిట్టి నాకే నోరెండె. ఆయన నిలబడుకోని ఇంటాడు, ఐపోయినాక ‘ఇంగేమన్నా మిగిలిండాదా’ అని అడిగి పోతాడు. నీకేమో ధైర్యం జాస్తి, సావుకారు పిలిస్తే కూడా రాదు అనుకుంటి.”

ఉమాదేవి తిప్పమ్మ సంగతి చెప్పింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, ఓబులేష్‌ను పిలిపించి ఇంకో వీడియో తీయించి గ్రూపులో పెట్టించమన్నాడు. ఉగాది దాకా ఆగేది లేదు, నువ్వు ఉండు అన్నాడు. ఆమె ఆ మాట విన్నది కానీ అంతగా పట్టించుకోలేదు. మెట్ల దగ్గర నరసింహులును నిలబెట్టింది.

“నాకేం తెలుసమ్మా,” అన్నాడు నరసింహులు. “సారు ఆడ కూచోనుంటాడు. కొరియరు అంటే పోనిస్తాడు. టీ అంటే పోనిస్తాడు. సావుకారు పంపినాడు, నిన్ను పిల్చకరమ్మన్నాడు అంటే మాత్రం నన్ను ఆడనే ఆపి, తనే దిగుతాడు. నీకు చెప్పొద్దన్యాడు. మజ్జిగ కూడా తాపిచ్చినాడు ఒగసారి.”

ఉమాదేవి మెట్ల మధ్యలో నిలబడిపోయింది. వచ్చినవాడి ముఖం చూడకుండా పంపిందెవరో చూసి, ఆపాల్సినవాణ్ణే ఆపే గుర్తు. మిగతావాళ్ళను పోనిచ్చే గుర్తు. అది ల్యాప్‌టాప్‌లో పెట్టడం తనకు మొన్న నేర్పాడు. మెట్ల మలుపులో చాన్నాళ్ళ నుంచే పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర గాలి తగిలే చోటు ఎందుకు వదిలేశాడో కూడా ఆమెకు అప్పుడే తెలిసింది.

పైకి పోయి, నన్ను పిలిస్తే మీరెందుకు పోయారు సార్ అని అడిగింది.

“నీకు ఎవురు చెప్పినారు?” అన్నాడు సుంకప్ప సారు వెంటనే.

ఆమె చెప్పలేదు. ఆ రోజంతా ఆయన అదే అడిగాడు. ఆమె చెప్పలేదు. మరునాడు పొద్దున నమస్కారం పెట్టింది.

తిప్పమ్మ నంబరును డబ్బాలోంచి తీసేయడం తేలిక. తీసేస్తే సంగటి పిలుపు పోతుంది. ఆమె రెండో అంకెకు కొత్త నంబరు పెట్టించవచ్చు, కానీ మోటారు మోతలో ఓబులేష్‌కు జేబులోని ఫోను వినిపించదు. సుంకప్ప సారు ఎవరినీ అడక్కుండా ఒక పని చేశాడు. పిలిచింది తిప్పమ్మ అయితే మోటారు ఆపొద్దు, డబ్బాకున్న ప్రమాద గంట మూడుసార్లు గట్టిగా మోగించు అని ఓబులేష్ డబ్బాలో రాశాడు. నీళ్ళు పారుతూనే ఉన్నాయి, కొడుకు వేళకు తింటున్నాడు. పక్క పొలంవాడికి అది తెలిసింది. ఆ పక్కవాడికీ తెలిసింది. మూడు పల్లెలవాళ్ళూ డబ్బాలు కావాలన్నారు, కానీ అందరూ సంగటి గంట ఉన్న డబ్బాలే కావాలన్నారు.

అలాంటి గంట ఒకటుందని సావుకారుకు అప్పుడే తెలిసింది. పొద్దున అంగడి తెరిచీ తెరవకముందే కిందినుంచి ఆయన గొంతు పైకి వినిపించింది. మోటారు స్టార్టరులో అన్నం గంట పెట్టమని ఎవరు చెప్పారన్నది ఆ అరుపుల సారాంశం. నిజానికి అది సుంకప్ప సారు ప్రశ్నే, కానీ ఆ సమయానికి సారు కిటికీలోంచి లోపలికి వచ్చిన పిచ్చుకను విచారిస్తున్నాడు.

నరసింహులు మెట్లెక్కడం వినిపించింది. ఉమాదేవి లేచింది. మలుపులో బల్ల పక్కన నిలబడి దారికి అడ్డంగా చెయ్యి పెట్టింది.

“ఎవురు పంపినారన్నా?”

“సావుకారమ్మా. సుంకప్ప సారుని ఉన్నఫళాన పిల్చకరమ్మన్నాడు.”

“సారు పనిలో ఉండాడు,” అంది ఉమాదేవి. చున్నీ సరిచేసుకుని కిందికి దిగింది.

సగం మెట్లు దిగేసరికి వెనక సుంకప్ప సారు గొంతు వినిపించింది.

“ఆ పాపని ఎవురు పంపినారప్పా?”

“ఎవురూ పంపలేదు సార్,” అన్నాడు నరసింహులు. “ఆ యమ్మే పోయింది.”